ఆకాశమున తామరపువ్వు

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము” అను సామెత నెరుగని తెలుగువారు అరుదు. పెండ్లియే కానివాడు పుట్టబోవు కుమారునకు పేరు పెట్టుకొని మురియుట చూచి లోకము నవ్వును. కాని ఈ సామెత కేవలము నవ్వుకొరకు పుట్టినది కాదు. ఒక వస్తువును గూర్చి ఎంత చక్కగా ఆలోచించినను, ఆ వస్తువు అసలు ఉన్నదా, లేదా అని ముందుగా విచారింపనిచో ఆ ఆలోచన యంతయు గాలిలో కట్టిన మేడ యగునని ఇది మనలను హెచ్చరించుచున్నది. తర్కశాస్త్రజ్ఞులు రెండువేల యేండ్లకు పైగా చర్చించిన ఒక గొప్ప విషయము ఈ చిన్న సామెతలో ఇమిడియున్నది.

ఒక గ్రామమున ఒక రైతు షావుకారు కడకు అప్పునకు పోయెననుకొనుడు. “అయ్యా! ఊరి వెలుపల నాకొక తోట కలదు. అందలి మామిడిచెట్లన్నియు బంగినపల్లి జాతివే. వానిలో కాపు తప్పిన చెట్టు ఒక్కటియు లేదు” అని యతడు చెప్పెను. షావుకారు సంతోషించి, కాయలు అమ్ముడుపోయిన పిమ్మట తీర్చునట్లుగా మాట తీసికొని, అయిదువందల రూపాయలు ఇచ్చెను. వేసవి వచ్చెను. షావుకారు తోటకు పోయి చూచెను. అచట వంగమొక్కలు కలవు, బెండమొక్కలు కలవు, బావియు కలదు. మామిడిచెట్టు మాత్రము మచ్చునకైనను లేదు. అతడు మండిపడి గ్రామపెద్దలతో మొర పెట్టుకొనెను.

రైతు ఏ మాత్రమును తొణకక ఇట్లనెను: “అయ్యలారా! నేనాడినది అసత్యమని మీకు తోచినచో, నా తోటలో బంగినపల్లి కాని మామిడిచెట్టును ఒక్కదానిని చూపుడు. కాపు తప్పిన మామిడిచెట్టును ఒక్కదానిని చూపుడు. చూపలేరు గదా! అట్లైన నా మాట అసత్యమెట్లగును?” పెద్దలు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. రైతు మోసము చేసినాడని అందరికిని తెలియుచునే యున్నది. కాని అతని వాక్యములలో తప్పు ఎచట నున్నదో చూపుట వారికి సులభము కాలేదు.

ఈ చిక్కు విడిపోవలెనన్న “అన్నియు” అను మాటకును, “కొన్ని” అను మాటకును గల భేదమును చక్కగా గ్రహింపవలెను. “కాకులన్నియు నల్లనివి” అని ఒకడు చెప్పినచో, అతనిని ఓడించుటకు మార్గమొక్కటే కలదు. నల్లనిది కాని కాకిని ఒక్కదానిని పట్టి తెచ్చి చూపవలెను. అట్టి కాకి దొరకనంతవరకు ఆ వాక్యము నిలిచియుండును. “కొన్ని కాకులు తెల్లనివి” అని మరియొకడు చెప్పినచో అతని బాధ్యత వేరు. అతడే తెల్లకాకిని కనీసము ఒక్కదానిని చూపవలెను. చూపలేనిచో అతని మాట నిలువదు. అనగా “అన్నియు” అను వాక్యము ఒకదానిని నిషేధించును. “కొన్ని” అను వాక్యము ఒకదానిని చూపును. కంచె వేయుట ఒక పని, కంచెలోపల చెట్టు నాటుట వేరొక పని. కంచె యున్నంత మాత్రమున లోపల చెట్టున్నదని చెప్పుటకు వీలులేదు.

రైతు చేసినదియు ఇదియే. అతడు కంచెను చూపెను. షావుకారు చెట్లను ఊహించుకొనెను.

తర్కమును శాస్త్రముగా తీర్చిదిద్దిన వారిలో గ్రీకు దేశీయుడైన అరిస్టాటిలు అగ్రగణ్యుడు. ఆయన క్రీ. పూ. 384 నుండి 322 వరకు జీవించెను. ఆయన వాక్యములను నాలుగు విధములుగా విభజించెను. “మానవులందరును మర్త్యులు” అనునది మొదటి విధము. “మానవుడెవడును అమరుడు కాడు” అనునది రెండవది. “కొందరు మానవులు విద్వాంసులు” అనునది మూడవది. “కొందరు మానవులు విద్వాంసులు కారు” అనునది నాలుగవది. మొదటి రెండును సామాన్య వాక్యములు. తక్కిన రెండును విశేష వాక్యములు. తర్కమున “కొందరు” అనగా కనీసము ఒక్కడు అని అర్థము.

ఆయన ననుసరించిన సంప్రదాయమున, సామాన్య వాక్యమునుండి విశేష వాక్యమును నిరాటంకముగా తీయవచ్చుననిరి. “మానవులందరును మర్త్యులు” అన్నది సత్యమైనచో “కొందరు మానవులు మర్త్యులు” అన్నదియు సత్యమే గదా! వినుటకు ఇందు దోషమేమియు కనబడదు. మానవులు ఉన్నారు కనుక నిజమునకు దోషమును లేదు. కాని అదే నియమమును రైతు మాటకు అన్వయించి చూడుడు. “నా తోటలోని మామిడిచెట్లన్నియు బంగినపల్లివి” అను వాక్యమును ఎవ్వరును కాదనలేకపోయిరి. దానినుండి “నా తోటలోని కొన్ని మామిడిచెట్లు బంగినపల్లివి” అని తీసినచో, ఒక్క చెట్టైనను లేనిచోట చెట్టు మొలచినట్లగును. సత్యమునుండి అసత్యము పుట్టినది! తర్కమున ఇంతకు మించిన దోషము లేదు. ఏలయన, ఆధారవాక్యములు సత్యములైనపుడు నిర్ణయము ఎన్నటికిని అసత్యము కాకుండుటయే అనుమానమునకు చెల్లుబాటు.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో ఈ విషయమునకు క్రొత్త వెలుగు వచ్చెను. లింకను పట్టణమున ఒక చెప్పులు కుట్టు వాని కుమారుడైన జార్జి బూలు 1815లో జన్మించి, చాలవరకు తనంతట తానే చదువుకొని, గొప్ప గణితవేత్త యయ్యెను. 1847లోను, 1854లోను ప్రకటించిన గ్రంథములలో ఆయన తర్కమును బీజగణితమువలె చిహ్నములతో సాధింపవచ్చునని నిరూపించెను. ఆ గణితమున 1 సమస్తమును తెలుపును. 0 ఏ వస్తువును లేని శూన్యవర్గమును తెలుపును. లేమికిని ఒక గుర్తు ఏర్పడుటచే, “ఏ వస్తువును లేని వర్గమును గూర్చి చెప్పిన మాట సత్యమా, అసత్యమా?” అను ప్రశ్న తప్పించుకొనరానిదయ్యెను. బూలు మార్గమున నడచిన జాన్ వెన్ మొదలగు తార్కికులు, సామాన్య వాక్యము వస్తువు ఉన్నదని చెప్పదు, విశేష వాక్యము మాత్రమే చెప్పును అని నిర్ణయించిరి. వర్గములను వలయములతో చూపు వెన్ పటములు, 1880లో ఆయన ప్రకటించినవి, నేటికిని పాఠశాలలలో వాడుకలో నున్నవి.

ఈ నిర్ణయమువలన పాత లెక్కలు మారెను. రెండు ఆధారవాక్యములును, ఒక నిర్ణయమును గల అనుమానములు రూపభేదమునుబట్టి మొత్తము 256 ఏర్పడును. వానిలో 24 చెల్లునని పూర్వ సంప్రదాయము. సామాన్య వాక్యములకు ఉనికి నంటగట్టరాదనినచో 15 మాత్రమే మిగులును. తక్కిన 9 రూపములును రెండు సామాన్య వాక్యములనుండి ఒక విశేష వాక్యమును లాగునవి. అనగా రెండు కంచెలనుండి ఒక చెట్టును పుట్టించునవి! అవి పూర్తిగా పనికిరానివి కావు. “ఇట్టి వస్తువు కలదు” అను మూడవ ఆధారవాక్యమును బాహాటముగా చేర్చినచో అవియు చెల్లును. కావున అరిస్టాటిలు సంప్రదాయమును తప్పని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. వస్తువులు ఉన్నవని తలచియే ఆయన తర్కించెను. ఆ తలంపు పైకి చెప్పబడలేదు, అంతియే.

అందరును ఒకే మార్గమును అనుసరింపలేదు. బాలురకు ప్రియమైన ఆలీసు కథను వ్రాసిన లూయీ కారల్ గణిత బోధకుడు, తార్కికుడును. 1896లో ప్రకటించిన తన తర్కగ్రంథమున ఆయన, “అన్నియు” అన్నపుడు వస్తువులు ఉన్నట్లే గ్రహింపవలెనని నియమము పెట్టుకొనెను. ఆ నియమముచొప్పున రైతు పలికిన మొదటి మాట అసత్యమే యగును. ఏ నియమమును గ్రహించినను గ్రహింపవచ్చును. కాని ఏది గ్రహించితిమో తెలిసియుండవలెను. తెలియక ఒకచోట ఒక నియమమును, వేరొకచోట మరియొక నియమమును వాడుటయే ప్రమాదము.

ఇది పండితుల కాలక్షేపము మాత్రమే యని కొందరు తలపవచ్చును. అట్లు కాదని ఖగోళశాస్త్ర చరిత్ర తెలుపుచున్నది. యురేనసు అను గ్రహము లెక్కకు సరిపడు మార్గమున నడచుట లేదని శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. కంటికి కానరాని వేరొక గ్రహము దానిని ఆకర్షించుచుండవలెనని ఫ్రాన్సు దేశపు గణితవేత్త లెవెరియే ఊహించి, ఆ గ్రహము ఆకాశమున ఎచట నుండవలెనో లెక్కించెను. 1846 సెప్టెంబరు 23వ తేదీ రాత్రి బెర్లిను వేధశాలలో గాలె అను శాస్త్రజ్ఞుడు దూరదర్శినిని ఆ దిక్కునకు త్రిప్పగా, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలనే ఆ గ్రహము కనబడెను. అదియే నెప్ట్యూను. లోకమంతయు లెవెరియేను కొనియాడెను.

సూర్యునకు మిక్కిలి దగ్గరగా తిరుగు బుధగ్రహపు మార్గమునను ఇట్టి చిన్న తేడా యొకటి కనబడెను. 1859లో లెవెరియే దానిని వెల్లడించి, బుధునికిని సూర్యునికిని నడుమ కానరాని గ్రహమో, గ్రహశకలముల గుంపో యుండవలెనని చెప్పెను. అదే సంవత్సరమున లెస్కార్బో అను ఒక పల్లెటూరి వైద్యుడు, సూర్యబింబముమీద ఒక నల్లని చుక్క సాగిపోవుటను తాను చూచితినని తెలిపెను. లెవెరియే స్వయముగా పోయి అతనిని ప్రశ్నించి నమ్మెను. ఆ గ్రహమునకు రోమనుల అగ్నిదేవత పేర “వల్కన్” అని నామకరణము జరిగెను. అది సూర్యుని చుట్టును సుమారు 20 దినములకొకసారి తిరుగునని లెక్కయు కట్టిరి. పేరు వచ్చినది, లెక్కలు వచ్చినవి. గ్రహము మాత్రము రాలేదు! సూర్యగ్రహణములు పట్టినప్పుడెల్ల శాస్త్రజ్ఞులు దానికొరకు వెదకిరి. 1878లో సంపూర్ణ సూర్యగ్రహణమున చూచితిమని కొందరనిరి గాని, వారి మాటలు తరువాతి పరిశీలనలలో నిలువలేదు. అంతకు ముందటి సంవత్సరమే లెవెరియే మరణించెను.

1915 నవంబరులో ఐన్‌స్టీను తన సాపేక్ష సిద్ధాంతముచే ఈ చిక్కును విప్పెను. ఏ గ్రహముతోను పని లేకుండ, నూరేండ్లకు సుమారు 43 వికలలుగా కనబడు ఆ తేడా ఆయన లెక్కలో సరిగా వచ్చెను. డిగ్రీలో 3,600వ వంతును వికల యందురు. లెవెరియే కనుగొన్న తేడా సత్యమే. దానికి కారణమని యూహించిన గ్రహము మాత్రము లేదు. ఒకే విధమైన ఆలోచన ఒకసారి నెప్ట్యూనును చూపెను. మరియొకసారి లేని గ్రహమునకు పేరు పెట్టించెను. ఈ రెంటికిని గల భేదము లెక్కలలో లేదు. దూరదర్శినిలో ఒకటి కనబడినది, మరియొకటి కనబడలేదు. అంతియే భేదము.

ఇప్పుడు ఈ అనుమానమును పరిశీలింపుడు. బుధునికిని సూర్యునికిని నడుమ తిరుగు గ్రహమునకు వల్కన్ జాతి గ్రహమని పేరు పెట్టుదము. వల్కన్ జాతివన్నియు గ్రహములే. వల్కన్ జాతివన్నియు బుధుని మార్గమునకు లోపల తిరుగునవే. ఈ రెండు మాటలును పేరునుబట్టియే సత్యములు. వీనినుండి “కావున కొన్ని గ్రహములు బుధుని మార్గమునకు లోపల తిరుగుచున్నవి” అని తేల్చినచో ఏమగును? దూరదర్శినితో పని లేకుండ, పేరు పెట్టినంతమాత్రముననే ఆకాశమున గ్రహమును సృష్టించినట్లగును! పూర్వము చెప్పిన తొమ్మిది రూపములలో ఇది యొకటి. దోషము ఎచటనో ఇప్పుడు స్పష్టముగా కనబడుచున్నది. “వల్కన్ జాతి గ్రహము కనీసము ఒక్కటి కలదు” అను మాటను ఎవ్వరును నిరూపింపలేదు. అయినను అది చెప్పకయే లోపల ప్రవేశించినది.

భారతీయ తార్కికులు ఈ ప్రమాదమును బాగుగా నెరిగియుండిరి. న్యాయశాస్త్రమున అనుమానమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము కొండమీది నిప్పు. “ఈ కొండమీద నిప్పు కలదు, ఏలయన పొగ కలదు, వంటయింటిలో వలె” అని వారు తర్కింతురు. ఇందు కొండ పక్షము, నిప్పు సాధ్యము, పొగ హేతువు, వంటయిల్లు దృష్టాంతము. దేనిని గూర్చి నిర్ణయింపదలచితిమో ఆ పక్షము మొదట ఉండవలెనని వారి నియమము. పక్షమే లేనిచో హేతువు నిలుచుటకు చోటు లేదు. ఆ దోషమునకు ఆశ్రయాసిద్ధి యని పేరు. ఆశ్రయమనగా ఆధారము, అసిద్ధి యనగా నిరూపింపబడకపోవుట.

ఆంధ్రుడని ప్రసిద్ధిగన్న అన్నంభట్టు పదునేడవ శతాబ్దమున బాలురకు సుబోధకముగా తర్కసంగ్రహమను చిన్న గ్రంథమును రచించెను. అందు ఈ దోషమునకు ఆకాశమున పూచిన తామర ఉదాహరణముగా చూపబడినది. ఆకాశతామర సువాసన గలదని ఒకడు వాదించుననుకొనుడు. తామరయగుటయే అతడు చెప్పు హేతువు. కొలనిలోని తామర దృష్టాంతము. తామరలకు వాసన యుండుట సత్యమే. దృష్టాంతమును సరియైనదే. అయినను అనుమానము చెల్లదు. కారణము, ఆ పువ్వే లేదు! వాసనను గూర్చి వాదించువాడు పువ్వును చూపుట మరచినాడు. పాశ్చాత్యులు వాక్యముల రూపమును పరీక్షించి చేరిన చోటికి, మన తార్కికులు పక్షమును పరీక్షించి చేరిరి.

అట్లని లేనిదానిని గూర్చిన మాట ప్రతిదియు వ్యర్థమని తలపరాదు. “ఏ బలమును పనిచేయని వస్తువు నిశ్చలముగనో, ఒకే వేగముతో సరళరేఖలోనో ఉండును” అని న్యూటను నియమము. విశ్వమున ప్రతి వస్తువును ఇతర వస్తువులచే ఆకర్షింపబడుచునే యున్నది. అయినను ఆ నియమము భౌతికశాస్త్రమునకు పునాదివంటిది. “రైలుమార్గమును అడ్డముగా దాటువారందరును శిక్షార్హులు” అని ఒక ప్రకటన యున్నదనుకొనుడు. ఎవ్వడును దాటకపోవుటయే దాని కోరిక. అట్టివాడు ఒక్కడును లేని దినమున ఆ ప్రకటన అబద్ధమగునా? కాదు, ఆ దినముననే దాని ప్రయోజనము నెరవేరినది. సామాన్య వాక్యమునకు ఉనికితో ముడిపెట్టకుండుట ఇందుకే ఉపకరించును.

నేటి కంప్యూటరులును ఈ నియమమునే పాటించుచున్నవి. ఒక పట్టికలో ఒక్క పేరును లేనప్పుడు “ఇందలి వారందరును పరీక్ష నెగ్గిరా?” అని అడిగినచో, పెక్కు కంప్యూటరు భాషలలో “అవును” అనియే సమాధానము వచ్చును. నెగ్గనివాడు ఒక్కడును లేడు గనుక ఆ సమాధానము సరియైనదే. కాని ఆ “అవును” చూచి అందరును నెగ్గిరని పండుగ చేసికొనువాడు నవ్వులపాలగును. యంత్రము తర్కించునే కాని, “ఎందరు?” అని తనంతట తాను అడుగదు. ఆ ప్రశ్న వేయవలసినది మానవుడే.

ఇక గ్రామపెద్దల సంగతి. వారిలో వృద్ధుడైన యొకడు కొంతసేపు ఆలోచించి రైతుతో ఇట్లనెను: “నాయనా! నీ మాటను అబద్ధమని మేము నిరూపింపలేము. కాని మాట వేరు, మాటచే నమ్మించుట వేరు. చెట్లున్నవని షావుకారు నమ్మునని యెరిగియే నీవట్లు పలికితివి. అది మోసము. నీవు పుచ్చుకొన్న అయిదువందలును రేపటిలోగా తిరిగి ఇయ్యవలెను.” పిమ్మట ఆయన షావుకారు వైపు తిరిగి, “అయ్యా! ‘ఎన్ని చెట్లున్నవి?’ అని మీరొక్క మాట అడిగియుండినచో ఈ పంచాయతీయే లేకపోవును గదా!” అనెను. షావుకారు తల వంచుకొనెను.

ఎవరైనను “అన్నియు”, “అందరును”, “ఎల్లప్పుడును” అని గట్టిగా పలికినపుడు, విద్యార్థులు ఆ వృద్ధుని మాటను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. వాసనను గూర్చి వాదమునకు దిగుటకు ముందు పువ్వు ఉన్నదో లేదో చూడవలెను.